ఒకచోట పాసు, ఇంకోచోట ఫెయిలు!

ఒక మాస్టారు పిల్లల మార్కులు లెక్కకట్టడానికి చిన్న కంప్యూటరు ప్రోగ్రాము రాశారనుకుందాం. అది విద్యార్థి సగటు మార్కులను తీసుకుంటుంది. దశాంశ భాగాన్ని సర్ది, దగ్గరలో ఉన్న పూర్ణాంకంగా మారుస్తుంది. ఆ అంకె 35 గాని, అంతకు మించి గాని ఉంటే 'పాసు' అని, తక్కువగా ఉంటే 'ఫెయిలు' అని చూపుతుంది.

మాస్టారు తమ ఇంట్లోని పాత కంప్యూటరు మీద ఒక విద్యార్థి సగటు 34.5 అని ఇచ్చారు. జవాబు 35. పాసు! మర్నాడు అదే ప్రోగ్రామును బడిలోని కొత్త కంప్యూటరు మీద నడిపారు. ప్రోగ్రాములో ఒక్క అక్షరం కూడా మారలేదు. ఇచ్చిన సగటు కూడా అదే 34.5. కాని ఈసారి జవాబు 34. ఫెయిలు!

ఇందులో ఏ కంప్యూటరు తప్పు చేసింది? మాస్టారు తప్పు రాశారా? లేక ఇది వైరసు పనా? తొందరపడకండి. రెండు కంప్యూటర్లూ తమ తమ నియమాల ప్రకారం సరిగానే పనిచేశాయి. అయినా ఒక విద్యార్థి సంవత్సరం ఆ ఒక్క మార్కు మీద ఆధారపడి ఉంది. అందుకని ఈ చిక్కుముడి సంగతి కొంచెం జాగ్రత్తగా చూద్దాం.

లెక్క ఎందుకు మారింది?

ఆ ప్రోగ్రాము పైథాన్ అనే భాషలో రాసినది. పాత కంప్యూటరులో ఉన్నది పైథాన్ 2.7. కొత్తదానిలో ఉన్నది పైథాన్ 3. సరిగ్గా మధ్యలో ఉన్న సంఖ్యను పూర్ణాంకం చేయవలసి వచ్చినప్పుడు పైథాన్ 2 పై అంకెకు పోతుంది. మీరు లెక్కల తరగతిలో నేర్చుకున్న పద్ధతీ అదే. కనుక 34.5 అక్కడ 35 అయింది.

పైథాన్ 3 పద్ధతి వేరు. సరిగ్గా మధ్యలో ఉన్న సంఖ్య రెండు వైపులా ఉన్న అంకెల్లో సరిసంఖ్య ఏదో దానివైపు పోతుంది. 34.5కు అటూ ఇటూ ఉన్నవి 34, 35. వీటిలో సరిసంఖ్య 34. కనుక జవాబు 34. అలాగే 35.5 అయితే 36 అవుతుంది.

ఇదేం వింత పద్ధతి అంటారా? దీనికీ ఒక కారణం ఉంది. మధ్య సంఖ్యలన్నిటినీ ఎప్పుడూ పైకే నెడితే, వేలకొద్దీ సంఖ్యలు కూడినప్పుడు మొత్తం అసలుకన్నా పెరుగుతూ పోతుంది. సగం పైకి, సగం కిందికి పోతే ఆ దోషం చాలావరకు రద్దవుతుంది. పద్ధతి మంచిదే. కాని మార్కుల లెక్కకు మాస్టారు కోరుకున్నది అది కాదు.

పైథాన్ 3 మొదటిసారి విడుదలైనది 2008 డిసెంబరులో. పైథాన్ 2కు నిర్వహణ 2020 జనవరి 1తో ముగిసింది. అంటే పదకొండేళ్లకు పైగా రెండూ పక్కపక్కనే నడిచాయి. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న అన్నదమ్ముల వంటివి అవి. పేరు చూసి ఒకటే అనుకుంటే మోసపోతాం.

ఇలా ఒకే పనిముట్టుకు కాలక్రమంలో వచ్చే రూపాలనే వెర్షన్లు అంటారు. రెండు చోట్ల రెండు వెర్షన్లు ఉండి, ఆ సంగతి ఎవరూ గమనించకపోవడమే ఈ వ్యాసంలోని రోగం. ఇప్పుడు ఇదే రోగం పెద్ద ప్రోగ్రాములకు ఎలా పడుతుందో చూద్దాం.

కనబడని పనివాళ్లు

మనిషి రాసిన ప్రోగ్రామును కంప్యూటరు ఉన్నదున్నట్టుగా సాధారణంగా నడపలేదు. దాన్ని యంత్రానికి తెలిసే రూపంలోకి మార్చాలి. ఈ పని కంపైలరుది. ఒక పెద్ద ప్రోగ్రాములో వేల ఫైళ్లు ఉంటాయి. ఏది ముందు మార్చాలి, ఏది తరువాత మార్చాలి, ఇతరులు రాసిపెట్టిన భాగాలను ఎక్కడి నుంచి తెచ్చి అతకాలి, అన్నీ సిద్ధమయ్యాక ఏ పరీక్షలు జరపాలి అన్నది చూడడానికి ఒక మేస్త్రీ కావాలి. ఇల్లు కట్టేటప్పుడు తాపీపనివాళ్లకు, వడ్రంగులకు పని పురమాయించే మేస్త్రీ లాగానే అన్నమాట. కంప్యూటర్లలో ఈ మేస్త్రీని బిల్డ్ టూల్ అంటారు. ప్రోగ్రామును ఇలా కట్టి తయారుచేయడం పేరు బిల్డ్.

1976లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ అనే ఆయన 'మేక్' అనే ఇలాంటి మేస్త్రీ ప్రోగ్రామును తయారుచేశారు. అది ఈనాటికీ వాడుకలో ఉంది. జావా భాషలో రాసిన ప్రోగ్రాములకు మేవెన్, గ్రేడిల్ అనేవి ఎక్కువగా వాడతారు. ఈ పనివాళ్లు కూడా ప్రోగ్రాములే. కనుక వీటికీ వెర్షన్లు ఉన్నాయి.

ఉమ్మడి పరీక్షశాల

ఈ రోజుల్లో పెద్ద ప్రోగ్రామును ఒక్కరే రాయరు. ఒకరు హైదరాబాదులో, ఒకరు విశాఖపట్నంలో, మరొకరు వేరే దేశంలో కూర్చుని తలా కొంత రాసి, అందరికీ చెందిన ఒకే భాండారంలో చేరుస్తారు. ఎవరో ఒకరు చేర్చిన ముక్క మిగతా అందరి పనినీ చెడగొట్టవచ్చు. దీన్ని వెంటనే పట్టుకోవడానికి ఒక ఏర్పాటు ఉంది. భాండారంలో కొత్త ముక్క చేరగానే, ఎవరి సొంతమూ కాని ఒక కంప్యూటరు మొత్తం ప్రోగ్రామును మొదటి నుంచి కట్టి, పరీక్షలన్నీ జరిపి, పచ్చదీపమో ఎర్రదీపమో చూపిస్తుంది. ఈ ఏర్పాటు పేరు కంటిన్యుయస్ ఇంటిగ్రేషన్. పొడి అక్షరాలలో సీఐ అంటారు.

సీఐ కంప్యూటరుకు ఒక విశేషం ఉంది. చాలా సీఐ ఏర్పాట్లలో ప్రతి పనికీ ఒక కొత్త కంప్యూటరు పుడుతుంది. పని కాగానే అంతరిస్తుంది. నిజంగా ఇనుముతో చేసిన యంత్రం కాదు. పెద్ద యంత్రంలో కొంత భాగాన్ని విడదీసి, వేరే కంప్యూటరు లాగా పనిచేయించడమే. దానికి నిన్నటి జ్ఞాపకం ఉండదు. మీరు మీ కంప్యూటరులో ఎప్పుడో పెట్టుకుని మరిచిపోయిన పనిముట్లు దానికి ఉండవు. మీరు రాసి ఇచ్చినదే దానికి తెలుసు.

అందుకే ప్రోగ్రాములు రాసేవారి నోట తరచు వినబడే మాట ఒకటి ఉంది: "నా దగ్గర పనిచేస్తోందే! అక్కడెందుకు చేయదు?" మన మాస్టారి ఆశ్చర్యం కూడా ఇదే కదా!

తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

ముఖ్యంగా నాలుగు దారులున్నాయి.

మొదటిది, వయసు. మీ కంప్యూటరులో పనిముట్లు రెండేళ్ల కిందట పెట్టినవి. సీఐ కంప్యూటరులో ఉన్నవి నిన్నగాక మొన్న మార్చినవి. లేదా దీనికి తిరగబడి ఉండవచ్చు.

రెండవది, 'తాజాది' అనే మాట. సీఐకి సూచనలు రాసేటప్పుడు చాలామంది "ఉబుంటు తాజా వెర్షన్ ఇవ్వు" అని రాస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. కాని తాజాది అనే మాటకు అర్థం రోజుకొకటి. గిట్‌హబ్ సంస్థ సీఐ ఏర్పాటులో ఉబుంటు తాజా అనే పేరు 2024 డిసెంబరుకు ముందు 22.04 వెర్షన్‌ను సూచించేది. 2024 డిసెంబరు, 2025 జనవరి నెలల్లో అది క్రమంగా 24.04కు మారింది. సూచనల్లో అక్షరం మారలేదు. వాటి వెనుక ఉన్న యంత్రం మారింది. నిన్న పచ్చదీపం చూసినవారు ఇవాళ ఎర్రదీపం చూడడానికి ఇలాంటి మార్పు చాలు.

మూడవది, ఒకే యంత్రంలో ఒకే పనిముట్టుకు రెండు మూడు వెర్షన్లు ఉండడం. మీరు "పైథాన్" అని పిలవగానే కంప్యూటరు తన వద్ద ఉన్న చోట్ల పట్టికను వరసగా వెతికి, ముందు కనబడినదాన్ని నడుపుతుంది. తరగతిలో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉంటే, పేరు పిలవగానే ముందు బెంచీ వెంకటేశ్వర్లు లేచినట్టే!

నాలుగవది చాలా తమాషా అయినది. 2021 అక్టోబరులో పైథాన్ 3.10 విడుదలైంది. దీన్ని మూడు పాయింటు పది అని చదవాలి. అది 3.9కు తరువాతది. వెర్షన్ నంబరులో చుక్క దశాంశ బిందువు కాదు. రెండు అంకెలను వేరుచేసే గుర్తు మాత్రమే. కాని సీఐ సూచనలు రాసే ఫైలులో 3.10 అని ఊరికే రాస్తే, దాన్ని చదివే ప్రోగ్రాము దశాంశ సంఖ్య అనుకుంటుంది. దశాంశాలలో 3.10 అన్నా 3.1 అన్నా ఒకటే కదా! చివరి సున్నాను కొట్టేసి, పైథాన్ 3.1 కావాలంటున్నారని వెతుకుతుంది. అది ఎప్పుడో 2009 నాటిది, దొరకదు. ఎర్రదీపం! దీనికి మందు రెండు ఉల్లేఖన చిహ్నాలు. 3.10ను వాటి మధ్య రాస్తే అది సంఖ్య కాదు, పేరు అని ప్రోగ్రాము గ్రహిస్తుంది.

65 అనే అంకె చెప్పిన రహస్యం

ఇప్పుడు ఒక జబ్బును వైద్యుడిలా పరీక్ష చేద్దాం. ఒక జావా ప్రోగ్రాము ఉంది. రాసినవారి కంప్యూటరులో జావా 17, గ్రేడిల్ 7.6 ఉన్నాయి. బిల్డ్ చక్కగా సాగుతోంది. సీఐలో ఉన్నది జావా 21. అక్కడ బిల్డ్ ఆగిపోయి ఇలా ఒక సందేశం వచ్చింది: "అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65". తరగతి ఫైలు ముఖ్య వెర్షన్ 65 నాకు తెలియదు అని దాని భావం.

ఈ 65 ఎక్కడిది? జావా కంపైలరు తయారుచేసే ప్రతి క్లాస్ ఫైలుకూ మొదట్లో ఒక ముద్ర ఉంటుంది. మొదటి నాలుగు బైట్లు ఎప్పుడూ ఒకటే. అది జావా ఫైలని చెప్పే గుర్తు. తరువాత రెండు బైట్లు ఉప వెర్షన్. ఆ తరువాతి రెండు బైట్లు ముఖ్య వెర్షన్. జావా 8 వేసే ముద్ర 52. జావా 17 వేసేది 61. జావా 21 వేసేది 65. గమనించారా? ముద్రలోని అంకె నుంచి 44 తీసివేస్తే జావా వెర్షన్ వస్తుంది. 65 నుంచి 44 తీస్తే 21!

అంటే ఆ సందేశం తిట్టు కాదు, ఆచూకీ. "ఇక్కడ జావా 21 ఉంది; నాకు అంత కొత్తది చదవడం రాదు" అని మేస్త్రీ చెబుతున్నాడు. గ్రేడిల్ 7.6కు తెలిసిన జావా 19 వరకే. గ్రేడిల్ తానే జావా 21 మీద నడవడం 8.5 వెర్షన్‌తో మొదలైంది. కనుక రెండే దారులు: సీఐలో కూడా జావా 17 పెట్టడం, లేదా రెండు చోట్లా గ్రేడిల్‌ను 8.5కు గాని ఆపై వెర్షన్‌కు గాని మార్చడం. ప్రోగ్రామును ముట్టుకోనక్కర లేదు. ఈ అంకె అర్థం తెలియనివారు మంచి ప్రోగ్రామును రోజంతా విప్పి బిగిస్తూ కూర్చుంటారు.

మానికను కూడా పంపండి

అమ్మమ్మ ఊరి నుంచి అరిసెలు చేసే విధానం రాసి పంపిందనుకుందాం. ఇన్ని మానికల బియ్యానికి ఇన్ని కిలోల బెల్లం అని ఉంది. కిలో అంతటా ఒకటే. కాని మీ ఇంట్లో మానిక అమ్మమ్మ మానికకన్నా పెద్దది! బియ్యం ఎక్కువై పాకం చాలదు. అరిసెలు పొడిపొడిగా విరిగిపోతాయి. విధానం తప్పు కాదు, మీ చేతివాటమూ తప్పు కాదు. కొలపాత్ర తేడా. పూర్వం మన దేశంలో శేరు అనే కొలత కూడా ప్రాంతానికొక తీరుగా ఉండేది. ఈ గందరగోళం పోగొట్టడానికే 1956లో మెట్రిక్ కొలతల చట్టం చేశారు.

మరి అమ్మమ్మ ఏం చేసి ఉండాలి? జాబుతో పాటు తన మానికను కూడా పంపాలి! గ్రేడిల్‌లో సరిగ్గా ఇలాంటి ఏర్పాటే ఉంది. దాని పేరు రాపర్. ఇది ప్రోగ్రాముతో పాటే భాండారంలో ఉండే చిన్న ఫైళ్ల జట్టు. వాటిలో ఒకదానిలో "ఈ ప్రోగ్రామును కట్టవలసినది గ్రేడిల్ ఫలానా వెర్షన్" అని రాసి ఉంటుంది. రాపర్‌ను నడిపితే అది ఆ వెర్షన్‌నే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుని, దానితోనే పని చేయిస్తుంది. తెచ్చుకున్నది అసలైనదేనా అని వేలిముద్ర వంటి అంకెతో సరిచూసుకునే వీలు కూడా ఉంది.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, రాపర్ ఉన్నా దాన్ని నడపకుండా, యంత్రంలో ఉన్న గ్రేడిల్‌నే నేరుగా పిలవడం. అమ్మమ్మ పంపిన మానికను అటక మీద పెట్టి, ఇంట్లోదానితో కొలిచినట్టే. రెండు, రాపర్ ఉంది కనుక అంతా సురక్షితమే అనుకోవడం. రాపర్ కట్టడి చేసేది గ్రేడిల్ వెర్షన్‌ను మాత్రమే; జావా వెర్షన్‌ను కాదు. జావా ఎన్నవది కావాలో సీఐ సూచనల్లోనూ, ప్రోగ్రాము ఫైళ్లలోనూ విడిగా రాయాలి.

ఇతరులు రాసిన భాగాలకూ ఇదే నియమం. జావాస్క్రిప్టు ప్రోగ్రాములలో వాడే ఎన్‌పీఎమ్ అనే పనిముట్టు, తెచ్చిన ప్రతి భాగం ఖచ్చితమైన వెర్షన్‌ను ఒక తాళం ఫైలులో రాసిపెడుతుంది. సీఐ కోసం దీనిలో 2018 నుంచి ఒక ప్రత్యేక ఆజ్ఞ ఉంది. అది తాళం ఫైలులో ఉన్నవాటినే తెస్తుంది. ఆ ఫైలుకూ ప్రోగ్రాములో కోరినదానికీ పొంతన లేకపోతే సర్దుకుపోదు. అక్కడే ఆగి చెబుతుంది.

ఇంకా ముందుకు పోతే, మానికనే కాదు, వంటిల్లు మొత్తాన్నే పంపవచ్చు! 2013లో వెలువడిన డాకర్ అనే పనిముట్టుతో ప్రోగ్రాముకు కావలసిన పనిముట్లన్నిటినీ ఒకే మూటగా కట్టి, అదే మూటను ఇంట్లోనూ సీఐలోనూ విప్పుకోవచ్చు. అయితే మూట మీద 'తాజాది' అని చీటీ అంటిస్తే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

మరమ్మతు చేసే వరస

ఎర్రదీపం కనబడగానే కంగారుపడకుండా ఈ వరసలో పోవాలి.

ఒకటి: సందేశాలలో మొట్టమొదటి తప్పును వెతకండి. చివర కనబడే పది తప్పులు సాధారణంగా దాని పిల్లలే.

రెండు: ఇంట్లోనూ సీఐలోనూ ప్రతి పనిముట్టు చేత దాని వెర్షన్ చెప్పించండి. దాదాపు ప్రతి పనిముట్టుకూ అడిగితే తన వెర్షన్ చెప్పే ఆజ్ఞ ఉంటుంది. సీఐ సూచనల్లో మొదటి మెట్టుగానే దీన్ని పెట్టడం మంచి అలవాటు.

మూడు: రెండు జాబితాలనూ కాగితం మీద పక్కపక్కన రాయండి. తేడాలకు గుర్తు పెట్టండి.

నాలుగు: ఒక్కసారి ఒక్క తేడానే సవరించి, మళ్లీ నడపండి. సైన్సు ప్రయోగంలో ఒకేసారి రెండు అంశాలు మారిస్తే ఫలితం దేని వల్ల వచ్చిందో తెలియదు. ఇక్కడా అంతే.

ఐదు: దోషం దొరికాక, సరైన వెర్షన్‌ను ప్రోగ్రాముతో పాటు ఉండే ఫైలులో రాసిపెట్టండి. మీ ఒక్క కంప్యూటరును బాగుచేసి ఊరుకుంటే, రేపు కొత్తగా చేరేవారికి ఇదే జబ్బు మళ్లీ వస్తుంది.

చేయకూడని పని ఒకటుంది. అడ్డుపడుతోందని పరీక్షను తీసేయడం! జ్వరం చూపిందని థర్మామీటరును పారేసినట్టవుతుంది.

తాళం వేసి మరిచిపోవద్దు

వెర్షన్‌ను స్థిరపరచాలన్నాం కదా, అయితే ఎప్పటికీ పాతదే వాడాలా? కాదు. పాత వెర్షన్లలో బయటపడిన లోపాలను కొత్త వెర్షన్లలో సరిచేస్తారు. నిర్వహణ ఆగిపోయిన వెర్షన్‌ను పట్టుకు వేలాడితే దొంగలకు తలుపు తెరిచి ఉంచినట్టే. మారకూడదని కాదు, మనకు తెలియకుండా మారకూడదని. ఒక రోజు చూసుకుని, మనమే కావాలని వెర్షన్ మార్చి, పరీక్షలన్నీ జరిపి, ఇంటా సీఐలోనూ ఒకేసారి మార్చాలి.

ఇప్పుడు మాస్టారి ప్రోగ్రాము సంగతికి తిరిగి వద్దాం. జావా 65 కథలో యంత్రం అరిచి చెప్పింది. మార్కుల కథలో యంత్రం అరవలేదు. తప్పు సందేశం ఏదీ లేకుండా, నిశ్శబ్దంగా ఒక విద్యార్థిని ఫెయిలు చేసింది. ఈ రెండవ రకమే ఎక్కువ ప్రమాదకరం. దీన్ని పట్టుకోగలిగినది పరీక్ష ఒక్కటే. "34.5 ఇస్తే 35 రావాలి" అని మాస్టారు ఒక పరీక్ష రాసిపెట్టి ఉంటే, కొత్త కంప్యూటరు మీద మొదటి నిమిషంలోనే ఎర్రదీపం వెలిగేది. ఆ తరువాత సవరణ సులువు. పనిముట్టు నియమాన్ని నమ్ముకోకుండా మన నియమాన్ని మనమే స్పష్టంగా రాయాలి: సగటుకు 0.5 కలుపు, పూర్ణాంక భాగం మాత్రం ఉంచుకో. 34.5కు 0.5 కలిపితే 35. పైథాన్ 2లోనైనా, 3లోనైనా జవాబు ఇదే.

మీరే చేసి చూడండి

మీ బడిలోని కంప్యూటరులో పైథాన్ 3 ఉంటే, మీ ఉపాధ్యాయుల సాయంతో 33.5, 34.5, 35.5, 36.5 లను రౌండ్ అనే ఆజ్ఞకు ఇచ్చి జవాబులు వరసగా రాసుకోండి. నాలుగింటికీ కలిపి మీకు వచ్చే వేర్వేరు అంకెలు రెండే! అవి ఏమిటో ముందుగా కాగితం మీద ఊహించండి. తరువాత 0.5 కలిపే పద్ధతితో అవే సంఖ్యలను సర్ది చూడండి. ఈ రెండు జాబితాలలో మీ మార్కుల పట్టికకు ఏది వాడాలో నిర్ణయించవలసినది కంప్యూటరు కాదు, మనిషి.